మంత్రిని అడిగే గంట: తుర్కపల్లి వైపు నుంచి పార్లమెంటు ప్రశ్నల చరిత్ర

పార్లమెంటులో ప్రశ్న ఉపన్యాసమూ కాదు, విన్నపమూ కాదు. ఒక సభ్యుడు ఫలానా లెక్క చెప్పమని ప్రభుత్వాన్ని అడుగుతాడు. సంబంధిత మంత్రి నిర్ణయించిన తేదీన, నోటితోనో రాతలోనో, సభ ముందు ఆ లెక్క చెప్పి తీరాలి. బియ్యం ధర, గ్యాస్ బండ మీద రాయితీ, ఉపాధి హామీ కూలి, రూపాయి విలువ, టీకా ఖరీదు వంటి విషయాల్లో ప్రభుత్వం కచ్చితంగా ఏం చెప్పిందో తెలుసుకోవాలంటే సభలో జరిగిన ప్రసంగాల కంటే ఈ ప్రశ్నోత్తరాలే ఎక్కువ పనికొస్తాయి. హైదరాబాదుకు ఉత్తరాన, రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటాక వచ్చే తుర్కపల్లి పేరు వీటిలో అరుదుగానే కనబడుతుంది. కానీ తుర్కపల్లిలో వండుకునే బియ్యం, తుర్కపల్లి దగ్గర తయారయ్యే టీకా మాత్రం చాలాసార్లు ఆ కాగితాల్లోకి ఎక్కాయి.

ఈ ఆచారం ఇంగ్లండులో పుట్టింది. 1721 ఫిబ్రవరిలో ప్రభువుల సభలో కౌపర్ ప్రభువు ఒక ప్రశ్న వేశాడు. సౌత్ సీ కంపెనీ వాటాల ధర కుప్పకూలి వేలమంది పెట్టుబడి మునిగిపోయింది. కంపెనీ ప్రధాన కోశాధికారి రాబర్ట్ నైట్ దేశం దాటిపోయి బ్రస్సెల్స్ వైపు పట్టుబడ్డాడన్న వార్త నిజమేనా అన్నది ఆ ప్రశ్న. రికార్డుకెక్కిన మొదటి పార్లమెంటు ప్రశ్నగా చెప్పుకునేది దీన్నే. అంటే మొదటి ప్రశ్నే జనం సొమ్ము ఏమైందన్న ఆరా.

మన దేశంలో ఈ హక్కు ఆలస్యంగా వచ్చింది, అదీ ముక్కలు ముక్కలుగా. 1853 చార్టర్ చట్టంతో ఏర్పడిన శాసన మండలి సభ్యులు ప్రభుత్వాన్ని వివరాలు అడగడం మొదలుపెట్టేసరికి పాలకులకు అది రుచించలేదు. 1861 చట్టం మండలిని చట్టాలు చేసే పనికే కట్టడి చేసింది. ముప్ఫై ఏళ్ల తర్వాత, 1892 కౌన్సిళ్ల చట్టం కింద, ముందుగా నోటీసిచ్చి ప్రశ్న అడిగే వీలు కలిగింది. జవాబు మీద చర్చ లేదు, అనుబంధ ప్రశ్న లేదు. చెప్పింది విని కూర్చోవడమే.

ఆ నిబంధనల కింద మొదటి ప్రశ్న 1893 ఫిబ్రవరి 16న వచ్చింది. అడిగినవాడు అవధ్ ప్రాంతపు భింగా రాజా. విషయం ఇంకా ఆసక్తికరం: అధికారులు పర్యటనకు వచ్చినప్పుడు వాళ్ల విడిదికి సరుకులు అందించలేక పల్లెటూరి దుకాణదారులు పడుతున్న ఇబ్బంది. దొర డేరా వేస్తే బియ్యం, పప్పు, నెయ్యి, కోళ్లు, గుర్రాలకు దాణా ఊరి కోమటి సమకూర్చాలి. డబ్బు ఎప్పుడిస్తారో, ఎంతిస్తారో, అసలు ఇస్తారో ఇవ్వరో తెలియదు. సైన్యాల గురించో సరిహద్దుల గురించో కాదు, చిల్లర దుకాణంలో మొలిచిన బాకీ గురించి భారతదేశపు తొలి శాసన ప్రశ్న పుట్టింది. ఈ వివరం మన పాఠ్యపుస్తకాల్లో దాదాపు కనబడదు, కనబడవలసింది.

ఆ ప్రశ్న కలకత్తాలో పడ్డ కాలానికి తుర్కపల్లి ఉన్న నేల నిజాం రాజ్యంలో ఉంది. హైదరాబాదు నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్ బల్దా జిల్లా సర్ఫేఖాస్ కింద నడిచేది. దాని ఆదాయం నేరుగా నిజాం సొంత ఖజానాకు పోయేది. 1890ల తొలినాళ్లలోనే హైదరాబాదులో కూడా ఒక శాసన మండలి ఏర్పడింది గానీ, అందులో అధికారులదీ, ప్రభుత్వం నియమించినవాళ్లదీ బలం. పన్ను కట్టే రైతు తరఫున నిలబడి అడిగేవాడు అందులో లేడు. భింగా రాజా చెప్పిన ఇబ్బంది మాత్రం ఇక్కడ ఇంకా ముదిరి ఉంది. వెట్టి అంటే చాకలి, మంగలి, కుమ్మరి, మాల, మాదిగల చాకిరీ ఒక్కటే కాదు. గిర్దావర్ నుంచి తాలూక్‌దార్ దాకా ఏ అధికారి వచ్చినా వర్తకులు అతడు చెప్పిన ధరకో, ఉత్తపుణ్యానికో సరుకులు ఇచ్చుకోవలసిందే.

అడగడానికి సభ లేనిచోట ఆ పని సంఘాలూ పత్రికలూ చేశాయి. 1921లో మొదలైన ఆంధ్ర జనసంఘం, దాని నుంచి ఎదిగిన ఆంధ్ర జనకేంద్ర సంఘం మాడపాటి హనుమంతరావు వంటివారి నాయకత్వంలో సరిగ్గా ఈ వర్తకుల బాధనూ, వెట్టినీ పట్టుకున్నాయి. ప్రభుత్వ గస్తీలు (సర్క్యులర్లు), ఫర్మానాలు వెతికి, చట్టం ప్రకారం అధికారికి ఉన్న హక్కెంత, లేనిదెంత అని చిన్న పుస్తకాలు వేసి పంచిపెట్టాయి. ప్రభుత్వపు సొంత కాగితం చూపించి ప్రభుత్వాన్ని అడగడం ఈ పద్ధతిలోని కిటుకు. తర్వాతి కాలంలో మంచి పార్లమెంటు సభ్యులు చేసిందీ అదే. 1926లో సురవరం ప్రతాపరెడ్డి ప్రారంభించిన గోలకొండ పత్రిక, 1930లో ఆయన అధ్యక్షతనే జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ ఆ పనిని పెద్దది చేశాయి. పోలీసు చర్య తర్వాత 1949 ఫిబ్రవరిలో సర్ఫేఖాస్ దివానీలో కలిసిపోయింది. నిజాం సొంత ఆస్తిలా ఉన్న పల్లెలు అప్పటికి గానీ మామూలు ప్రభుత్వ పాలన కిందికి రాలేదు.

తెలుగువాళ్లలో ప్రశ్న అడిగే అవకాశం ముందు వచ్చింది మద్రాసు వైపు వారికి. 1892 చట్టం రాష్ట్ర కౌన్సిళ్లకూ ఆ హక్కు ఇచ్చింది. రాజమండ్రి న్యాయవాది న్యాపతి సుబ్బారావు పంతులు ఆ కొత్త దశలోనే మద్రాసు శాసన మండలిలో అడుగుపెట్టారు. 1909 సంస్కరణలతో ప్రశ్న వేసిన సభ్యుడే అనుబంధ ప్రశ్న కూడా వేసే వీలు కలిగింది. 1919 చట్టం తర్వాత ఏ సభ్యుడైనా అనుబంధ ప్రశ్న వేయొచ్చన్న మార్పు వచ్చింది. చూడ్డానికి చిన్న సవరణే. కానీ మంత్రిత్వశాఖలో గుమాస్తా రాసిచ్చిన జవాబు చదివి తప్పించుకునే వీలు దాంతోనే పోయింది. మొదటి ప్రశ్నకు జవాబు కాగితం మీద ఉంటుంది, రెండోదానికి ఉండదు. మంత్రికి విషయం తెలుసా లేదా అన్నది బయటపడేది ఆ రెండోదానిలోనే.

ఆ రెండో ప్రశ్నను ఆయుధంగా మలిచిన తెలుగునాటి సభ్యుడు మాడభూషి అనంతశయనం అయ్యంగార్. తిరుపతి ప్రాంతంవాడు, చిత్తూరులో వకీలు. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. ఆయన ప్రశ్నల జడివానకు తట్టుకోలేక ఒక యూరోపియన్ పత్రిక ఆయన్ను సభలోని ‘ఎమ్డెన్’ అంది. 1914 సెప్టెంబరులో మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించి పోయిన జర్మన్ యుద్ధనౌక పేరది. అదే సభలో ఆచార్య ఎన్.జి. రంగా రైతుల వైపు నుంచి మాట్లాడేవాడు: పన్ను, అప్పు, పంట ధర ఆయన విషయాలు. రంగా పార్లమెంటు జీవితం 1930లో మొదలై, మధ్యలో కొన్ని విరామాలతో, దాదాపు అరవై ఏళ్లు సాగింది.

1952లో హైదరాబాదు రాష్ట్రానికి మొదటిసారి వయోజన ఓటుతో ఎన్నికైన శాసనసభ వచ్చింది. కాశీనాథరావు వైద్య స్పీకరు, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. ఎదుటి బల్లల మీద కమ్యూనిస్టుల పీడీఎఫ్ బలంగా ఉంది. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం నాలుగూ ఆ సభలో వినబడేవి. లెవీ ధాన్యం, కౌలుదారుల హక్కులు, రేషన్ సరుకులు ఆనాటి ప్రధాన విషయాలు. అంతవరకు అర్జీగా మాత్రమే వెళ్లిన మాట తెలంగాణలో మొదటిసారి మంత్రి జవాబు చెప్పవలసిన ప్రశ్నగా మారింది. తర్వాతి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఈ ప్రశ్నోత్తరాలకు ఒక సొంత తెలుగు ఏర్పడింది. ‘అవునండి’, ‘లేదండి’, ‘పరిశీలనలో ఉంది’, ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అన్నవే జవాబులు. ఎన్ని ప్రభుత్వాలు మారినా ఈ నాలుగు మాటలు మారలేదు.

లోక్‌సభలో రోజూ ఉదయం 11 గంటల నుంచి గంటసేపు ప్రశ్నోత్తరాల సమయం. రాజ్యసభ 2014 నవంబరు నుంచి దాన్ని మధ్యాహ్నం 12కు మార్చుకుంది. ప్రశ్నల్లో రెండు ముఖ్య రకాలున్నాయి. నక్షత్రం గుర్తున్న తారాంకిత ప్రశ్నకు మంత్రి నిలబడి జవాబు చెబుతాడు, అనుబంధ ప్రశ్నలుంటాయి. నక్షత్రం లేనిదానికి రాతపూర్వక జవాబు సభ ముందు పెడతారు, అంతే. లోక్‌సభలో రోజుకు 20 తారాంకిత ప్రశ్నలు, 230 అతారాంకిత ప్రశ్నలు జాబితాకెక్కుతాయి. మొదటివి ఆకుపచ్చ కాగితం మీద, రెండోవి తెల్ల కాగితం మీద అచ్చవుతాయి. వచ్చే నోటీసులు ఇంతకు ఎన్నో రెట్లు కాబట్టి ఎవరి ప్రశ్న ముందో లాటరీ తీస్తారు. ఒక సభ్యుడికి ఒక రోజున ఒక్క తారాంకిత ప్రశ్నే. మంత్రిత్వశాఖలను గుంపులుగా విడదీసి వారంలో ఒక్కో రోజు ఒక్కో గుంపుకు కేటాయిస్తారు.

ప్రశ్న రాయడానికీ కట్టుబాట్లున్నాయి. మామూలుగా 150 మాటలు దాటకూడదు. వాదన, వెటకారం, నింద ఉండకూడదు. మంత్రి అభిప్రాయం అడగకూడదు. ఊహాజనితమైనదీ, కేంద్ర ప్రభుత్వానికి సంబంధం లేనిదీ పనికిరాదు. ఈ కట్టుబాట్ల వల్ల ప్రశ్నలన్నీ ఒకే మూసలో ఉంటాయి: (ఎ) ఫలానా సరుకు ధర పెరిగిన సంగతి ప్రభుత్వం దృష్టికి వచ్చిందా? (బి) వస్తే, గత మూడేళ్ల వివరాలు రాష్ట్రాలవారీగా ఏమిటి? (సి) కారణాలేమిటి? (డి) తీసుకున్న చర్యలేమిటి? చదవడానికి చప్పగా ఉంటుంది. కానీ అసలు సరుకు ఉండేది (బి)లోనే. ‘గత మూడేళ్లు’, ‘రాష్ట్రాలవారీగా’ అన్న రెండు మాటలు పెడితే శాఖ పట్టిక వేసి ఇవ్వక తప్పదు. అనుభవమున్న సభ్యుడు (ఎ)ను పత్రికల కోసం, (బి)ని తన కోసం రాసుకుంటాడు.

ప్రశ్న ఎంత దూరం పోగలదో 1957లో తెలిసింది. ఏడాది క్రితమే ఏర్పడిన జీవిత బీమా సంస్థ, అంటే పాలసీదారుల చిన్న చిన్న ప్రీమియాలు పోగైన ఖజానా, హరిదాస్ ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల వాటాల్లో దాదాపు 1.24 కోట్ల రూపాయలు పెట్టింది. సెప్టెంబరులో దీని మీద లోక్‌సభలో ప్రశ్న వచ్చింది. ప్రభుత్వం ముక్తసరిగా జవాబిచ్చింది. డిసెంబరు 16న ఫిరోజ్ గాంధీ కాగితాలతో సహా విషయం విప్పాడు. జస్టిస్ చాగ్లా విచారణ జరిపాడు, 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశాడు. అప్పుడు స్పీకరు కుర్చీలో ఉన్నది ఒకప్పటి ‘ఎమ్డెన్’ అనంతశయనం అయ్యంగారే. ప్రశ్నలతో తెల్లదొరలను వేధించినవాడు, ఇప్పుడు స్వదేశీ మంత్రిని ప్రశ్నలు చుట్టుముడుతుంటే సభ నడిపాడు. తర్వాత తెలుగువారిలో నీలం సంజీవరెడ్డి, జి.ఎం.సి. బాలయోగి ఆ కుర్చీలో కూర్చున్నారు.

సంక్షేమం విషయానికొస్తే తెలుగు సభ్యుల ప్రశ్నలన్నీ చివరికి బియ్యం దగ్గరికే వస్తాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టాక, కేంద్రం రాష్ట్రానికి ఏ ధరకు బియ్యం ఇస్తుంది, ఎంత కోటా ఇస్తుంది అన్నది ప్రతి ఏటా తేలవలసిన లెక్క అయింది. కేంద్రం ధర పైసల్లో పెంచినా రాష్ట్ర ఖజానాకు అది కోట్లలో తగులుతుంది. 2013 ఆహార భద్రతా చట్టం కిలో బియ్యం 3 రూపాయలకు, మనిషికి నెలకు 5 కిలోలు అని హక్కు రాసిచ్చింది. 2023 జనవరి నుంచి ఆ బియ్యం ఉచితం. అయితే చట్టం కింద ఎంతమందికి అన్న పరిమితి 2011 జనాభా లెక్కల మీద కట్టింది: దేశం మొత్తానికి 81.35 కోట్లు, అందులో తెలంగాణ వాటా దాదాపు 1.91 కోట్లు. ఆ పైన రాష్ట్రం కార్డులిస్తే బియ్యం ఖర్చు రాష్ట్రానిదే. పరిమితి ఎప్పుడు పెంచుతారని సభలో పదే పదే అడిగారు. తర్వాతి జనాభా లెక్కలు వచ్చాకే అన్నది పదే పదే వచ్చిన జవాబు. బతుకుతెరువుకు వచ్చేవాళ్లతో ఏటేటా పెరిగే మేడ్చల్, శామీర్‌పేట వంటి ప్రాంతాలకు ఈ జవాబు మిగతా చోట్ల కంటే గట్టిగా తగులుతుంది.

2021 శీతాకాల సమావేశాల్లో బియ్యమే మరో రూపంలో వచ్చింది. యాసంగిలో ఎండలకు తెలంగాణ వడ్లు మిల్లులో పట్టిస్తే నూకలైపోతాయి. అందుకే ఉప్పుడు బియ్యం చేస్తారు. ఉప్పుడు బియ్యం ఇక తీసుకోలేమని కేంద్రం అంది. టీఆర్ఎస్ సభ్యులు రెండు సభల్లోనూ నిలదీశారు. ఇకపై ఉప్పుడు బియ్యం ఇవ్వబోమని రాష్ట్రమే రాసిచ్చిందని కేంద్రమంత్రి పీయూష్ గోయల్ ఆ లేఖను చూపించాడు. జవాబుతో తృప్తిపడని టీఆర్ఎస్ సభ్యులు డిసెంబరు 7న మిగిలిన సమావేశాలను బహిష్కరించారు. వాదనలో ఎవరిది పైచేయి అన్నది రాజకీయ పక్షాలు తేల్చుకోవలసిందే. బహిష్కరించిన రోజుల్లో మాత్రం ఆ సభ్యుల నుంచి అనుబంధ ప్రశ్న రాదు.

తుర్కపల్లి ఉన్న మేడ్చల్ శాసనసభ నియోజకవర్గం 2008 పునర్విభజనలో కొత్తగా ఏర్పడిన మల్కాజ్‌గిరి లోక్‌సభ స్థానంలోకి వచ్చింది. మేడ్చల్, మల్కాజ్‌గిరి, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్బీనగర్, సికింద్రాబాద్ కంటోన్మెంట్ అన్న ఏడు ముక్కల ఈ స్థానం ఓటర్ల సంఖ్యలో దేశంలోకెల్లా పెద్దది. 2024లో ఓటర్లు 37 లక్షల పైచిలుకు. లక్షద్వీప్ సభ్యుడికి ఎన్ని ప్రశ్నలు దక్కుతాయో ఇంతమందికి ప్రతినిధి అయినవాడికీ అన్నే దక్కుతాయి. పైగా సభ్యుడు మంత్రి అయితే ప్రశ్న అడిగే అవకాశమే పోతుంది. 2009లో ఇక్కడ గెలిచిన సర్వే సత్యనారాయణ 2012 అక్టోబరులో రోడ్డు రవాణా శాఖ సహాయమంత్రి అయ్యారు, ఆ తర్వాత ఆయన జవాబులు చెప్పేవైపు కూర్చున్నారు. 2014లో గెలిచిన సి.హెచ్. మల్లారెడ్డి 2018లో రాష్ట్ర రాజకీయాలకు మళ్లారు. 2019లో ఎ. రేవంత్ రెడ్డి 10,919 ఓట్ల తేడాతో గెలిచారు.

ఊరి సమస్యల్లో ఢిల్లీలో అడగదగినవి కొన్నే. ఊరి రోడ్డు, బడి, రేషన్ దుకాణం రాష్ట్రానివి. కంటోన్మెంటు భూములు, రైలు, తపాలా, భవిష్యనిధి, గ్యాస్, టీకాలు కేంద్రానివి. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట దాకా రాజీవ్ రహదారి మీద కట్టదలచిన ఎలివేటెడ్ కారిడార్ ఏళ్ల తరబడి ఆగింది రక్షణ శాఖ భూముల దగ్గరే. అనుమతి 2024 మార్చిలో వచ్చింది. రోడ్డు రాష్ట్రానిది, దాని కింది నేల కేంద్రానిది. ఇలాంటి చోట ఎవరిని అడగాలన్నదే సగం ప్రశ్న.

మల్కాజ్‌గిరి సభ్యుడి ప్రశ్నల్లో దేశమంతా విన్నది 2022 డిసెంబరు 12 నాటిది. లోక్‌సభలో రేవంత్ రెడ్డి రూపాయి విలువ గురించి హిందీలో అడిగారు. గుజరాత్ ముఖ్యమంత్రిగా ఉండగా నరేంద్ర మోదీ అన్న మాట, డాలరుకు 66 దగ్గర ఉన్నప్పుడు రూపాయి ఐసీయూలో ఉందన్నది, గుర్తుచేసి, ఇప్పుడు 83 దాటింది, ప్రభుత్వం దగ్గర ఏం ప్రణాళిక ఉందన్నారు. ఆ అక్టోబరులో రూపాయి మొదటిసారి 83 గీత దాటిన మాట నిజమే. ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్, ఆయన బలహీనమైన హిందీకి తన బలహీనమైన హిందీలోనే జవాబు చెబుతానంటూ మొదలుపెట్టారు. నాటి ఆర్థిక వ్యవస్థ మొత్తం ఐసీయూలో ఉండేదనీ, దేశం ఎదుగుతుంటే కొందరికి కడుపుమంటగా ఉందనీ అన్నారు. రేవంత్ తన కులాన్ని ప్రస్తావిస్తూ బదులిచ్చారు. స్పీకరు ఓం బిర్లా ఇద్దరినీ వారించవలసి వచ్చింది. మర్నాడు పత్రికల నిండా భాష, కులమే. జవాబిచ్చిన తమిళనాటి మంత్రి, రూపాయి గురించి అడిగిన తెలంగాణ సభ్యుడు ఇద్దరికీ మాతృభాష కాని హిందీ మీద ఆ నిమిషాలు ఖర్చయ్యాయి. రూపాయి పడితే వంటనూనె, డీజిలు, ఎరువు ధరలు ఎంత కదులుతాయన్నది వినియోగదారుడికి కావలసిన లెక్క. అది ఆ గంటలో రాలేదు. తారాంకిత ప్రశ్నకు ఉన్న బలహీనత ఇదే: నలుగురూ చూస్తున్నప్పుడు ఇద్దరూ నలుగురి కోసమే మాట్లాడతారు.

అదే ఏడాది జులై 18న, సరిగ్గా వర్షాకాల సమావేశాలు మొదలైన రోజున, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పిండి, పెరుగు మీద 5 శాతం జీఎస్టీ అమల్లోకి వచ్చింది. 25 కిలోల దాకా ఉన్న సంచికే ఈ పన్ను. కొద్ది రోజుల్లోనే హైదరాబాదు కిరాణా కొట్లలో 26 కిలోల బియ్యం సంచి కనబడింది. కిలో ఎక్కువైతే పన్ను లేదు మరి. సభలో ప్రతిపక్షం ధరల మీద చర్చ కోసం పట్టుబట్టింది. ఆగస్టు 2న రాజ్యసభలో ఆర్థికమంత్రి, ఈ నిర్ణయం జీఎస్టీ మండలిలో రాష్ట్రాలన్నీ ఒప్పుకుని చేసిందేనని చెప్పారు. కొత్త పన్ను విధానంలో ప్రశ్నకు వచ్చిన చిక్కు ఇక్కడ తేటతెల్లమవుతుంది. నిర్ణయం మండలిది, మండలిలో అందరూ ఉన్నారు, కాబట్టి సభలో దొరకబుచ్చుకోవడానికి ఒక్కరంటూ లేరు. వ్యాపారి మాత్రం చట్టంలో ఉన్న అంకె చదివి ఇంకో కిలో పోసి కుట్టేశాడు.

తుర్కపల్లికి అన్నిటికంటే దగ్గరి విషయం టీకా. 1999-2000 ప్రాంతంలో ఇక్కడ ఐసీఐసీఐ నాలెడ్జ్ పార్కు, చుట్టుపక్కల జీనోమ్ వ్యాలీ రూపుదిద్దుకున్నాయి. భారత్ బయోటెక్ ఫ్యాక్టరీ అక్కడిదే. చిన్నపిల్లల అతిసారానికి ఆ సంస్థ చేసిన రోటావాక్ టీకా డోసు ఒక డాలరు ధరతో 2015 మార్చిలో విడుదలైంది. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ టీకాల పట్టికలో చేరింది. అప్పుడు టీకా ధర పెద్ద చర్చ కాలేదు. 2021 ఏప్రిల్‌లో పరిస్థితి తిరగబడింది. అదే సంస్థ చేసిన కోవిడ్ టీకా కోవాక్సిన్ కేంద్రానికి డోసు 150 రూపాయలు, రాష్ట్రాలకు 600, ప్రైవేటు ఆసుపత్రులకు 1,200 అని ప్రకటన వచ్చింది. అయిదు రోజులకు రాష్ట్రాల ధర 400 అయింది. ఒకే ఊళ్లో, ఒకే యంత్రం మీద తయారైన సీసాకు మూడు ధరలన్నమాట. జూన్ 21 నుంచి కేంద్రమే దేశంలో తయారైన టీకాల్లో 75 శాతం కొని రాష్ట్రాలకు ఉచితంగా ఇచ్చింది. ప్రైవేటులో కోవాక్సిన్ గరిష్ఠ ధర పన్నుతో, సేవా రుసుముతో కలిపి 1,410 రూపాయలని కట్టేశారు. ఆ తర్వాతి కేంద్ర ఆర్డర్లలో డోసు ధర పన్నుతో 225 రూపాయల 75 పైసలు.

ఆ జులైలో మొదలైన వర్షాకాల సమావేశాలు పెగాసస్ నిఘా గొడవలో కొట్టుకుపోయాయి. లోక్‌సభ 96 గంటలకు 21 గంటలే నడిచింది. ప్రశ్నోత్తరాల గంట నినాదాల్లో మునిగిపోయింది. అయినా తెల్ల కాగితం మీది ప్రశ్నలకు జవాబులు వస్తూనే ఉన్నాయి. కోవాక్సిన్ మూడో దశ పరీక్షలకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దాదాపు 35 కోట్ల రూపాయలు ఖర్చుపెట్టిందనీ, ఒప్పందం ప్రకారం నికర అమ్మకాల మీద 5 శాతం రాయల్టీ వస్తుందనీ ప్రభుత్వం రాజ్యసభకు రాతలో తెలిపింది. మరుసటి ఫిబ్రవరిలో ఇంకో జవాబు: 2022 జనవరి 31 నాటికి ఆ రాయల్టీ 171.74 కోట్లు. టీకా మీద ప్రజల సొమ్ము ఎంత పెట్టారు, ఎంత తిరిగొచ్చింది అన్న రెండు అంకెలూ ఒక అరుపూ లేకుండా రికార్డుకెక్కాయి. 2021 జులై 20 నాటి రాతపూర్వక జవాబు మాత్రం దేశాన్ని కుదిపింది. ఆక్సిజన్ అందక చనిపోయినట్లు రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదని ఆరోగ్యశాఖ రాజ్యసభకు చెప్పింది. రాష్ట్రాలు చెప్పలేదన్న మాటకూ, జరగలేదన్న మాటకూ ఉన్న తేడా ఆ జవాబు చదివిన ప్రతివాళ్లకూ తెలిసింది.

జవాబు తప్పించుకునే దారుల్లో ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అన్నది అతి పాతది. దానికి విరుగుడుగా 1953 డిసెంబరులో లోక్‌సభ ప్రభుత్వ హామీల కమిటీని పెట్టింది. అలా చెప్పిన ప్రతి మాటా హామీ కింద నమోదవుతుంది, మూడు నెలల్లో నెరవేర్చాలి. ఆచరణలో ఏళ్లకేళ్లు మిగిలిపోయినవీ ఉన్నాయి. గంటకు గంటే రద్దయిన సందర్భాలూ ఉన్నాయి: 1962 చైనా యుద్ధ కాలంలో, ఎమర్జెన్సీలో, 2020 సెప్టెంబరు కోవిడ్ సమావేశాల్లో. ఆఖరిసారి రాతపూర్వక జవాబులను మాత్రం ఆపలేదు.

ప్రశ్నకు ధర కూడా పలికింది. 2005 డిసెంబరులో డబ్బు తీసుకుని ప్రశ్నలు వేయడానికి ఒప్పుకున్నారని 11 మంది సభ్యులను రెండు సభలూ బహిష్కరించాయి. నోటీసులు ఆన్‌లైన్ పోర్టల్‌కు మారాక, తన లాగిన్ వివరాలు ఒక వ్యాపారికి ఇచ్చారన్న ఆరోపణ మీద 2023 డిసెంబరు 8న మహువా మోయిత్రాను లోక్‌సభ బహిష్కరించింది. ఆ తర్వాత పోర్టల్ వాడకం నిబంధనలు బిగించారు. ప్రశ్న తయారుచేసేది సభ్యుడి సహాయకుడో, పార్టీ కార్యాలయమో అన్నది అంతకు ముందు అందరికీ తెలిసిన రహస్యమే.

అదే డిసెంబరులో రేవంత్ రెడ్డి తెలంగాణ ముఖ్యమంత్రి అయి లోక్‌సభకు రాజీనామా చేశారు. 2024లో మల్కాజ్‌గిరి నుంచి ఈటల రాజేందర్ దాదాపు 3.91 లక్షల మెజారిటీతో గెలిచారు. ఈటల 2014లో తెలంగాణ మొదటి ఆర్థికమంత్రి. పౌరసరఫరాలు, వినియోగదారుల వ్యవహారాలు కూడా అప్పుడు ఆయన దగ్గరే ఉండేవి. కోవిడ్ తొలి విడతలో రాష్ట్ర ఆరోగ్యశాఖ ఆయనదే. ఢిల్లీలో అడిగిన సభ్యుడు ఇప్పుడు హైదరాబాదులో జవాబు చెబుతున్నాడు, హైదరాబాదులో జవాబు చెప్పిన మంత్రి ఢిల్లీలో సభ్యుడిగా అడిగేవైపు కూర్చున్నాడు. ఈ ఇద్దరిలో ఎవరి పేరు మీద వచ్చిన ప్రశ్నోత్తరమైనా ఇప్పుడు లోక్‌సభ వెబ్‌సైట్‌లో సభ్యుడి పేరుతో, మంత్రిత్వశాఖ పేరుతో, తేదీతో వెతికి చదువుకోవచ్చు; పాత కేంద్ర శాసనసభ నాటి సంపుటాలూ అక్కడే స్కాన్ చేసి ఉన్నాయి.